సింహద్వారమూ దిడ్డి దర్వాజయూ
విక్టోరియా యుగపు పల్లె సౌధములను గూర్చి ఇబ్రహీంపట్నంలో చేసిన స్మారకోపన్యాసము



ఈ ఉపన్యాసము ఎవరి స్మృతికి అంకితమైనదో ఆ డ్రాయింగు మాస్టారి పేరు తెలియని ఇల్లు ఈ ఊర లేదు గనుక నేను వేరుగ చెప్ప బనిలేదు. నేను వారి శిష్యుడను. బడిలో కూజాలను, పండ్లబుట్టలను దించుట నేర్పవలసిన గంటలో వారు మమ్ములను పెద్దచెరువు కట్టమీదికి నడిపించుకొని పోయెడివారు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలి, తెలుగు కవుల నాదరించి, వారి నోట మల్కిభరాముడని పిలిపించుకొన్న ఇబ్రహీం కుతుబ్ షా పేరిట వెలసిన ఊరు మనది. ఆ కాలపు చెరువు మన చెరువు. కట్ట ఎంత పొడవున్నది, అలుగు ఎంత అందముగ నున్నది అని మాస్టారు అడిగెడివారు కారు. తూము ఎక్కడ ఉన్నదో వెదకి దించుడనెడివారు. చెరువునకు కట్ట శోభయే గాని, ఆయకట్టునకు నీరు పోవు దారి ఆ కట్ట అడుగున కంటికి కనబడక యుండును. ఆ దారి నెరుగనివాడు చెరువు బొమ్మ ఎంత చక్కగ గీసినను చెరువును చూడనివాడే యని వారి మతము. ఇండ్ల విషయమునను వారి తీరు అదియే. చెక్కడపు దర్వాజను ముచ్చటగ దించి తెచ్చిన పిల్లవాని వీపు తట్టి, మరుక్షణమే “దిడ్డి ఏదిరా?” అని అడిగెడివారు. ఆ ప్రశ్నను నేను ఏబది యేండ్లుగ వెంట బెట్టుకొని తిరుగుచున్నాను. ఈ దినము దానిని ఇంగ్లండు దేశపు పల్లె సౌధములకు వేసి, వచ్చిన సమాధానమును మీ ముందుంచ దలచితిని.

ఆ సౌధములకును మనకును ఏమి పొత్తు అని మీలో కొందరికి తోచవచ్చును. ఆ జాతికి చెందిన ఇల్లొకటి మనము బస్సెక్కి పూటలో చేరగల దూరమున బొల్లారములో నున్నది. దానికి దాయాది యనదగిన మహాభవన మొకటి చార్మినారునకు దక్షిణమున కొండమీద ఫలక్‌నుమా పేరున నిలిచియున్నది. ఈ రెంటిని చూచి వచ్చినవారు మనలో చాలమంది యుందురు. అవి ఎందుకట్లు కట్టబడినవో తెలియవలెనన్నచో మొదట వాటి పుట్టినింటికి పోవలె.

ఇంగ్లీషువారు కంట్రీ హౌస్ అను మాటకు పల్లెలోని ఇల్లని అర్థము కాదు. వేలకొలది ఎకరముల భూమి గల వంశము, ఆ భూమి నడుమ, ఆ భూమి శిస్తుతో కట్టుకొని, పార్లమెంటు సాగు మాసములలో లండనులోను, వేట కాలమున ఇచటను వసించుచు, చుట్టుపట్ల గ్రామములపై పెత్తనము నెరపుటకు పీఠముగ నుంచుకొన్న భవనమునకు ఆ పేరు. విక్టోరియా రాణి 1837లో సింహాసన మెక్కి 1901లో గతించినది. ఆ అరువది నాలుగేండ్ల కాలములో ఈ పాత ప్రభువులకు తోడు గనుల సొమ్ము, నూలుమిల్లుల సొమ్ము, రైళ్ల సొమ్ము, సారాబట్టీల సొమ్ము గడించిన కొత్త ధనికులును భూములు కొని, పెద్దింటివారమనిపించుకొనుటకు సౌధములు కట్టసాగిరి. అప్పుడే కట్టుబడికి అడ్డులును తొలగినవి. గాజుమీది పన్ను 1845లోను, ఇటుకమీది పన్ను 1850లోను, కిటికీల లెక్కన ఇంటిమీద వేయు పన్ను 1851లోను రద్దయినవి. వెలుతురునకు పన్ను కట్టవలసిన దేశములో గోడ నిండుగ కిటికీ పెట్టుకొనుట యొక్కసారిగ సులభమైనది. దూరదేశపు పలకరాయి రైలెక్కి వచ్చి ఇంటికప్పుపై కూర్చున్నది. ఇనుప దూలములు, అద్దపు పైకప్పుతో పూలమొక్కల నుంచు వెచ్చని మందిరములు, గొట్టములలో పారు వేడినీరు, గ్యాసు దీపము ఇవన్నియు ఒక తరములో చేరినవి. నార్తంబర్లండులో ఆర్మ్‌స్ట్రాంగ్ అను ఫిరంగుల వ్యాపారి, నార్మన్ షా అను శిల్పిచేత క్రాగ్‌సైడ్ అను సౌధమును కట్టించుకొని, కొండవాగు నీటితో యంత్రము త్రిప్పి, 1880 నాటికే గదులలో విద్యుద్దీపములు వెలిగించెను.

బాహ్యరూపమును గూర్చి ఆనాడు పెద్ద వాదములే జరిగినవి. మధ్యయుగపు క్రైస్తవ దేవాలయముల తీరే ధర్మమని పూజిన్ అను భక్తుడు వాదించెను. పార్లమెంటు భవనమును కట్టిన చార్లెస్ బారీ హైక్లేర్ సౌధమునకు ఎలిజబెత్ కాలపు వేషము వేసెను. రాణిగారి భర్త ఆల్బర్టు, థామస్ క్యూబిట్ అను కట్టడపు కంట్రాక్టరు తోడుగ, వైట్ ద్వీపమున ఆస్బర్న్ భవనమును 1845, 1851 సంవత్సరముల నడుమ ఇటలీ దేశపు పద్ధతిలో నిర్మించెను. ఈ వాదములలో నాకు రుచి తక్కువ. గోపురము కోణముగ నుండవలెనా చతురస్రముగ నుండవలెనా అనునది కట్టుకొన్న బట్టను గూర్చిన చర్చ. నేను దేహమును గూర్చి మాటలాడ వచ్చితిని. మన పొరుగుననే, హయత్‌నగరు దాటిన పిదప, చలనచిత్రముల నిమిత్తము నిలిపిన సౌధములను మీరు చూచియుందురు. వాటి ముఖము రాజప్రాసాదము. తలుపు తీసికొని లోపలికి పోయినచో కొయ్యకట్టెలు, ఆకాశము. ముఖమును మాత్రము చూచి శైలిని నిర్ణయించువాడు ఆ కట్టడమును అసలు సౌధమును ఒకే పుటలో చేర్చవలసి వచ్చును.

ఇక దేహము. 1864లో రాబర్ట్ కెర్ అను వాస్తుశిల్పి ‘ది జెంటిల్మన్స్ హౌస్’ అను బృహద్గ్రంథమును ప్రకటించెను. మర్యాదస్తుని ఇల్లు ఎట్లుండవలెనో అడుగడుగున విధించిన ఆ గ్రంథము ఆ కాలమునకు వాస్తుశాస్త్రమే యనదగును. మన శాస్త్రములు దిక్కులను, ఆయమును, మర్మస్థానములను చెప్పినట్లు ఆయన ఏకాంతమును చెప్పెను. ఒకే కప్పుక్రింద యజమాని కుటుంబము ఒక లోకమును, సేవకజనము వేరొక లోకమును అయి యున్నవనియు, ఈ రెండు లోకములు తమ తమ తలుపులు మూసికొని ఒకదాని కొకటి కనబడక, వినబడక, వాసనైనను సోకక బ్రతుకునట్లు ఇంటిని విభజించుటయే శిల్పి మొదటి కర్తవ్యమనియు ఆయన సిద్ధాంతము. ఆయనయే టైమ్స్ పత్రిక యజమాని జాన్ వాల్టరునకు 1865 తరువాత బేర్‌వుడ్ అను సౌధమును కట్టి, తన సూత్రములను ఇటుకలో పరీక్షించుకొనెను.

ఆ సూత్రమును పట్టుకొని ఒక పటమును చదివితిమా, అంతవరకు గజిబిజిగ తోచిన నూరు గదుల ఇల్లు వెంటనే తేటపడును. నడుమ పెద్ద మెట్లు, అవి యజమానివి. గోడకు ఆవల, ఒక కొసన, ఇరుకైన మెట్లు; అవి పనివారివి. ప్రతి అంతస్తునకు ఈ రెండు దారులును చేరును గాని ఒకటి నొకటి తాకవు. తెల్లవారకముందే పొయ్యి బూడిద నెత్తి, బొగ్గు నింపి, వేడినీళ్లు మోసి, పడుచు పనిమనిషి వెనుక మెట్లనే దిగిపోవలె. దొరసాని కనులు తెరచునప్పటికి నిప్పు రాజుకొనియుండవలె, రాజేసినవారు కనబడరాదు. రెండు లోకముల సరిహద్దున ఒక తలుపు. చప్పుడు దాటకుండుటకు దానికి ఆకుపచ్చని ఉన్నిబట్ట తొడిగి ఇత్తడి మేకులు కొట్టియుందురు. పనివారి నడవలో గోడమీద వరుసగ గంటలు; ఏ గదిలో తీగె లాగిన ఆ గదికి చెందిన గంట ఊగును. అట్లు పిలువవలె గాని నోరెత్తి పిలువరాదు. ఇంగ్లండు దేశములో ఆ శతాబ్దాంతమున ఇండ్లలో పనిచేసి బ్రతుకు స్త్రీలు పది లక్షలకు మించి యుండిరి. అంతటి సైన్యమును కనబడకుండ నడిపించుటకు కట్టిన యంత్రమే పల్లె సౌధము.

ఆ యంత్రములో నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది వంటశాల. అది ఇంటికి ఎంత దూరమున నుండిన అంత మేలని వారి తలపు. క్యాబేజి ఉడుకు వాసన భోజనశాలకు చేరినచో యజమాని గౌరవమునకు లోపము. కనుక వంటశాలకును భోజనశాలకును నడుమ వంకర నడవలను, తలుపులను, ఒక్కొక్కచోట సొరంగములనే పెట్టిరి. ఆ దూరము మోసికొని వచ్చులోపల కూర చల్లారును గనుక భోజనశాల ప్రక్కన మరల వేడిచేయు అర నొకదానిని కట్టిరి. నోటికి పోవు ముద్ద చల్లారినను సరే, ముక్కునకు వాసన తగులరాదను ఈ ఏర్పాటును చదివినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఇల్లు తలపునకు వచ్చినది.

మన ఇంటిలో వంటిల్లు ఎక్కడ? కోస్తావారు మండువా లోగిలి యనునట్టియు, మనవారు భవంతి యనునట్టియు ఇంటిలో, నడుమ ఆకాశము తెరచియుండ, చుట్టు వసారాలు, అర్రలు, వాటన్నిటికిని లోపల, ఆగ్నేయ మూలను, దేవుని అర్రకు పొరుగున వంటిల్లు. అది ఇంటికి గర్భగుడి. అచట దొరసానియే స్వయముగ తడిబట్టతో నిలిచి వండును. పనివారికి, పరాయివారికి గడప దాట ననుమతి లేదు. ఇంగ్లీషువాడు వంటశాలను దాచెను, మనవారును దాచిరి. వాడు పనివారి దగుటచేత దానిని వెలుపలికి నెట్టెను, మనము మడి పేరున లోలోపలికి లాగుకొంటిమి. వారి ఇంటిలో అన్నము వండువాడు అంటరాకుండెను, మన ఇంటిలో అన్నము వండని వారు అంటరాకుండిరి. ఈ రెండవదానిని నేను గర్వముతో చెప్పుటలేదు. మా అమ్మమ్మగారి ఇంటి పెరటి దిడ్డినుండి కట్టెలు తెచ్చి వేసిన మనిషి ఆ కట్టెలు మండిన పొయ్యిని బ్రతుకంతయు చూడనేలేదు.

ఇట్టి రెండు విధముల దాపరికములు ఒకదాని నొకటి కలిసికొన్న స్థలము హైదరాబాదు. అందుచేతనే ఇంగ్లండులో నున్న వేయి సౌధములకంటె మన ప్రాంతపు రెండు భవనములు నాకు ఎక్కువ విషయము చెప్పినవి.

కోఠీలోని రెసిడెన్సీ భవనము విక్టోరియా కాలమునకు ముందటిది. జేమ్స్ కిర్క్‌పాట్రిక్ నిజాము కొలువున ఇంగ్లీషువారి ప్రతినిధియగు రెసిడెంటుగ నుండగ 1803లో ఆరంభమైనది, మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన శామ్యూల్ రసెల్ దాని శిల్పి. నగరము నడిబొడ్డున, మూసీ యొడ్డున, స్తంభములెత్తి నిలుచుట దాని లక్షణము. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీనుల నాయకత్వమున ప్రజలు ఆ భవనముపై దాడి చేసిరి. దాడి విఫలమైనది గాని, నగరము నడుమ నివసించు పరదేశపు అధికారికి ఆ రాత్రి తరువాత నిద్ర పూర్వమువలె పట్టియుండదు. బొల్లారములో దండు ఉన్నది, విశాలమైన బయలు ఉన్నది, గాలి ఉన్నది. అచట 1860 నాటిదిగ చెప్పబడు రెసిడెన్సీ హౌస్, నగరమందలి భవనమునకు తోడుగ, రెసిడెంటునకు పల్లె సౌధమైనది. లండను ఇంటికి పల్లె సౌధ మెట్లో, కోఠీకి బొల్లార మట్లు.

నేడు మనము రాష్ట్రపతి నిలయ మనునది ఆ ఇల్లే. సైనికచర్య పిదప హైదరాబాదు భారతదేశములో కలియగ అది రాష్ట్రపతి కార్యాలయము వశమైనది. దానిని చూడబోవువారు మేడలను, గుమ్మటములను ఆశించి పోయి నిరాశపడుదురు. అది ఒక్క అంతస్తు ఇల్లు, గదులు పదునొకండు. చుట్టు తొంబది ఎకరముల ఆవరణ. ఇంగ్లండులోని సౌధము ఎత్తునకు పెరుగగ, ఇచటి ఎండకు జడిసి ఈ ఇల్లు నేలమీద పరచుకొన్నది. వసారా దానికి గొడుగు. కాని గదుల పేర్లు వినుడు: దర్బారు హాలు, భోజనశాల, మార్నింగ్ రూము. ఈ మార్నింగ్ రూమను పేరు మన నేలపై పుట్టినది కాదు. పల్లె సౌధములో ఇంటి ఇల్లాలు ఉదయవేళ లేఖలు వ్రాసికొనుటకు, వంటమనిషిని పిలిపించి ఆనాటి వంటకములు నిర్ణయించుటకు, తూర్పు వెలుతురు తగులునట్లు పెట్టుకొను గది అది. ఇంగ్లండు చలిలో ఉదయపు ఎండ వరము. బొల్లారపు వేసవిలో దాని అవసర మేమో ఆలోచింపుడు. పేరు మాత్రము ఓడయెక్కి, బండియెక్కి వచ్చి, గది తలుపుమీద కూర్చుండి, రాజ్యము పోయిన పిదపను లేవక యున్నది.

మాస్టారి ప్రశ్న ఇక అడుగుదము. దిడ్డి ఏది? బొల్లారములో వంటశాల ప్రధానగృహములో లేదు, వేరుగ నున్నది. దానినుండి భోజనశాలకు నేల అడుగున సొరంగము త్రవ్వి దారి చేసిరి. వండినవారు, మోసినవారు, వడ్డించు పళ్లెములు అన్నియు తోటలో తిరుగు అతిథి కంటబడక భూమిలోనుండి వచ్చి భోజనశాలలో తేలవలె. కెర్ ఇంగ్లండులో కూర్చుండి గ్రంథమున కెక్కించిన ఆచారమును, ఆయన పేరైన వినియుండని వడ్డెరలు దక్కను మొరములో త్రవ్విరి. నేను మొదటిసారి దానిలో దిగినప్పుడు నాకు చెరువు తూము జ్ఞాపకమునకు వచ్చినది. అచట నీరు పారును, ఇచట మనుష్యులు పారిరి.

ఫలక్‌నుమా కథ వేరు. ‘పైగా’ అను వంశమువాడును, ఆరవ నిజాము సోదరిని పెండ్లాడినవాడును, తరువాత 1893 మొదలు 1901 వరకు దివానుగిరి చేసినవాడును అయిన వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న దానికి పునాది వేసెను. శిల్పిగ విలియం వార్డ్ మారెట్ అను ఆంగ్లేయుని పేరు చెప్పుదురు. తొమ్మిదేండ్లు కట్టిరి. ఇటలీ పాలరాయి, రంగుటద్దములు, విండ్సర్ కోటలోని గ్రంథాలయపు కప్పును పోలిన చెక్కడపు కప్పు, బరోజ్ అండ్ వాట్స్ వారి బిలియర్డు బల్ల, నూటొక్కమంది ఒకే పంక్తిని కూర్చుండు భోజనపు బల్ల. ఇవన్నియు దానిని చూచిన ప్రతివారును వర్ణించునవే. పటమున చూచిన తేలు ఆకారము, ఉత్తరమునకు రెండు డెక్కలు చాచినట్లు రెండు రెక్కలు. కట్టుబడి వ్యయము కట్టించినవానిని ఋణములలో ముంచినదనియు, 1897 ప్రాంతమున భవనము ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా పరమైనదనియు ప్రతీతి. 1911 ఆగస్టు 29న ఆ ప్రభువు కన్నుమూసినది ఆ ఇంటనే.

ఈ పాలరాతి వర్ణనలో నేను నిలువను. ఆ తేలు తోక వైపునకు మిమ్ము తీసికొనిపోవలె. ముందుభాగమంతయు ఐరోపా: స్వాగతమందిరము, పాలరాతి మెట్లు, బిలియర్డు గది, ధూమపానపు గది. విక్టోరియా సౌధములో పురుషులు భోజనానంతరము చుట్ట కాల్చుటకు చేరు ఆ గదికి ఇచట హుక్కా వచ్చి చేరినది. దక్షిణముగ పోయినచో వంటశాల, గోల్ బంగ్లా, జనానా మహలు, అంతఃపురపు ఇండ్లు. ఈ వరుసను గమనింపుడు. ఇంగ్లండులో ముందుభాగమున స్త్రీపురుషులు కలిసి కూర్చుందురు, వెనుకభాగమున పనివారు దాగుదురు. ఫలక్‌నుమాలో వెనుకభాగమున పనివారును దాగిరి, యజమానురాండ్రును దాగిరి. దొర అతిథులతో తినుచుండ, వారికి వడ్డించువారు ఒక దాపునుండియు, వారిని చూడగోరు బేగములు వేరొక దాపునుండియు మెలగిరి. మర్దానా, జనానా అను మన దేవిడీల విభజనమీద ఆంగ్లేయుల ముందిల్లు వెనుకిల్లు అను విభజన వచ్చి కూర్చున్నది; ఒక గోడకు రెండు ధర్మములు. ఈ భవనము ఐరోపాకు అనుకరణ మని తీసివేయువారు దాని ఉత్తరభాగమును చూచి వచ్చినవారు. దక్షిణభాగమును కలిపి చూచినచో అట్టి ఇల్లు ఐరోపాలో కట్టుట సాధ్యమే కాదు.

రాకపోకలు ఒక ప్రక్కనే జరిగినవనియు అనుకొనరాదు. ఫలక్‌నుమా ముగింపునకు వచ్చుచున్న సంవత్సరములలోనే, 1890, 1891లలో, వైట్ ద్వీపమున రాణిగారి ఆస్బర్న్ భవనమునకు దర్బారు గది యొకటి చేరినది. లాహోరు చిత్రకళాశాలకు చెందిన భాయీ రామ్ సింగ్ ఇంగ్లండునకు పోయి, లాక్‌వుడ్ కిప్లింగ్ సహాయమున, నెమలి పురివిప్పిన పొయ్యితలతో, తేనెపట్టువలె చెక్కిన తెల్లని కప్పుతో దానిని తీర్చిదిద్దెను. ఆ గదిని గూర్చి వ్రాయువారెల్ల ఆయన పేరు చెప్పుదురు. అది చూచి నాకు సంతోషమును కలిగినది, బాధయును కలిగినది. ఫలక్‌నుమా కొండకు రాళ్లు చేర్చినవారి పేర్లు, గచ్చు నూరినవారి పేర్లు, బొల్లారపు సొరంగము త్రవ్వినవారి పేర్లు ఎచటను లేవు. మన మేస్త్రీలు డంగు సున్నమును గానుగలో ఎడ్లచేత ఆడించి, బెల్లపునీరు కరక్కాయనీరు కలిపి, అద్దమువలె మెరయు గచ్చును చేసినవారు. మెరుపు మిగిలినది, చేయి మిగులలేదు.

దొరల గడీలను విడిచిపెట్టి ఈ ప్రసంగము ముగించినచో తెలంగాణమున నిలిచి మాటలాడిన వాడను కాను. ఇంగ్లండు పల్లె సౌధమునకు మన నేలలో నిజమైన సమానము గడీయే. భూమి నడుమ నిలుచుట, చుట్టు ఊళ్లపై పెత్తనము, కచేరీ, ధాన్యపు గరిసెలు, ఎత్తైన ప్రహరీ అన్నియు సరిపోవును. ఆకారమునను కాలమును బట్టి పరదేశపు తీరులు చేరినవి. కామారెడ్డి జిల్లా దోమకొండ గడీలో బురుజులతో కూడిన పాత కోటగోడల లోపల అద్దాల మేడ యున్నది. దాని స్తంభములలో, సున్నపు పనిలో ఐరోపా చాయలు కన్నులకు కట్టును. ఆ గడీని శ్రద్ధతో బాగుచేసినందులకు 2022లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది.

కాని ఒక్క విషయమున గడీ ఆ సౌధమునకు పూర్తిగ ఎదురు. కెర్ సేవకుని దాచుమనెను. గడీ దాచలేదు, చూపెను. గడీ ముందునుండి పోవు మనిషి చెప్పులు విడిచి చేతబట్టుకొని పోవలె. వాకిట చేతులు కట్టుకొని నిలువవలె. వెట్టికి వచ్చినవాడు ఊరందరు చూచుచుండ రావలె. అచట దాగి పనిచేయుట మర్యాద, ఇచట కనబడుచు వంగుట మర్యాద. కనుక గడీకి వెనుక మెట్లకంటె ముందు వాకిలి ముఖ్యము. 1946 జులై 4న కడవెండి గ్రామమున ప్రజల ఊరేగింపు నడిచినది అట్టి గడీ వాకిలి ముందునుండియే. తుపాకులు ప్రేలి, ఆ ఊరేగింపులోని దొడ్డి కొమరయ్య నేలకొరిగినది ఆ చోటనే. తలవంచి నడువవలసిన దారిని తలయెత్తి నడచుటయే ఆ దినపు విప్లవము. వాస్తువును చదువువారు ఈ సంగతిని చరిత్రకారులకు వదలిపెట్టి తప్పించుకొనరాదని నా దృఢమైన అభిప్రాయము. ఆ వాకిలి కొలతలు గూడ ఆ చరిత్రలో భాగమే.

తరువాత ఏమైనవి? ఇంగ్లండులో 1870 తరువాత ధాన్యపు ధరలు పడి శిస్తులు కుంగినవి. 1894లో మరణానంతరపు ఆస్తిపన్ను వచ్చినది. రెండు యుద్ధములలో పనివారు మిల్లులకు, సైన్యమునకు పోయి మరల రాలేదు. వెనుక మెట్లెక్కువారు లేనప్పుడు ముందు మెట్లు నిలువవని తేలినది. వందలకొలది సౌధములను యజమానులే పడగొట్టించిరి. 1974లో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలవారు ఆ వినాశనమునే ప్రదర్శనగ పెట్టిరి. మన హైదరాబాదు రాష్ట్రమున 1949లో జాగీర్లు రద్దయినవి. గడీలలో కొన్ని కాలినవి, కొన్ని కూలినవి, కొన్నిట బడులు, కచేరీలు నడచినవి. ఫలక్‌నుమా చిరకాలము తాళములలో నుండి, పదేండ్ల మరమ్మతు పిదప 2010 నవంబరులో హోటలైనది.

బొల్లారపు ఇల్లు మాత్రము 2023 ఉగాదినాటినుండి ఏడాది పొడవున జనులకు తెరవబడినది. పోయిన చలికాలమున నేను మరల పోయితిని. ఆ సొరంగమును ఇప్పుడు బాగుచేసి, దీపములు పెట్టి, గోడల నిండ చేర్యాల చిత్రములు వ్రాయించిరి. చేర్యాల నకాషీల కుంచె ఎట్టిదో మీకు చెప్పవలెనా? పద్మశాలీలకు మార్కండేయ పురాణము, చాకలివారికి మడేలు పురాణము, గొల్లలకు కాటమరాజు కథ, ఎవరి కులకథను వారికి పొడవాటి బట్టమీద దించి ఇచ్చిన కుంచె అది. ఎఱ్ఱని నేపథ్యముమీద పెద్దపెద్ద కన్నులతో ఆడవారు, మగవారు గోడలనుండి చూచుచుండగ, చూపరులు నిండుగ, మాటలాడుకొనుచు, పిల్లలను ఎత్తుకొని నడచుచుండిరి.

నా ముందు ఒక ముసలమ్మ, మన వైపునుండియే వచ్చినదని మాటనుబట్టి తెలిసినది, మనుమరాలి చేయి పట్టుకొని నడచుచున్నది. మనుమరాలు దర్బారు హాలునకు పోదమని లాగుచున్నది. ముసలమ్మ ఆగి, అచట నిలిచిన కావలివానిని అడిగినది: “బిడ్డా, వంట ఏడ చేసెటోళ్లు?” అతడు చేయి చూపెను. ఆమె దర్బారును విడిచి, చెంగు దోపుకొని, ఆ వైపునకే నడచినది. నేనును ఆమె వెంట పోయితిని.